డీమ్డ్ టీనేజర్

దక్షిణ పీఠభూమి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవాళ్ళకు పాఠం చెప్పడం రాదన్న సంగతి ఉపకులపతి ఆచార్య విరూపాక్షయ్య గారికి తన సన్మాన సభలోనే తెలిసింది. ఆయన గురించి నాలుగు ముక్కలు మాట్లాడమని చరిత్ర శాఖలోని ఒక పరిశోధకుణ్ణి లేపారు. అతను ముందుగా 'గొప్పతనం' అన్న మాటను నిర్వచించాడు. ఆ నిర్వచనాన్ని ఒప్పుకోని పండితుల వాదనలు వివరించాడు. ఆ తర్వాత సన్మానాల పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగి, శాతవాహనుల దగ్గర చాలాసేపు ఆగాడు. ఉపకులపతి గారి పేరు వచ్చేసరికి ఆయన మెడలోని మాల వాడిపోయింది, ముఖ్య అతిథి నిద్రపోయాడు, ఫొటోగ్రాఫరు ఏదో పెళ్ళికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఉపకులపతి గారు రిజిస్ట్రారు ఆచార్య చంద్రమౌళి గారిని పిలిపించారు.

"మన పరిశోధకుల బోధనానుభవం శూన్యం" అన్నారు. "విదేశాల్లో ఇలాంటివాళ్ళు వేసవిలో టీనేజి పిల్లలకు శిబిరాలు పెట్టి, వాళ్ళకు పాఠాలు చెప్పి బోధన నేర్చుకుంటారట. మొన్న విమానంలో నా పక్క సీటాయన చెప్పాడు."

"టీనేజి పిల్లలే ఎందుకండీ?" అని రిజిస్ట్రారు గారు వినయంగా అడిగారు.

"డిగ్రీ పిల్లలు హాజరు కోసం వింటారు. చిన్నపిల్లలు భయంతో వింటారు. టీనేజి పిల్లలు ఏ కారణం చేతా వినరు. వాళ్ళకు చెప్పగలిగినవాడు గోడకైనా చెప్పగలడు."

రిజిస్ట్రారు గారు 'గోడ' అని కూడా రాసుకున్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త పరిశోధక విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, పదమూడు మొదలు పంతొమ్మిది వరకు గల కిశోర వయస్కులకు విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి వేసవి శిబిరమున బోధించి, తత్సంబంధమైన ధ్రువపత్రము పొందనివారి సిద్ధాంత గ్రంథములు స్వీకరింపబడవు. ఈ విషయమై సంశయములున్నవారు సంశయింపరాదు.'

ఈ ఉత్తర్వు నోటీసు బోర్డు ఎక్కే వేళకి భూగర్భ శాస్త్ర శాఖ పరిశోధకుడు కుళ్ళాయప్ప తన సిద్ధాంత గ్రంథానికి నల్ల అట్ట వేయించుకుని వస్తున్నాడు. ఎండిపోయిన వాగుల కింద నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయన్నది అతని పరిశోధన. ఆ వాగుల వెంట తిరిగి తిరిగి ముప్పై దాటి నాలుగేళ్ళయింది, ముందు జుట్టు పోయింది. ధర్మవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలు "డాక్టరేటు తెచ్చుకో, జూలైలో చేరిపో" అని మాటిచ్చాడు. అతని తండ్రి రామాంజులు, రిటైరైన బస్సు కండక్టరు, కొడుకు డాక్టరవుతున్నాడని వీధంతా చెప్పేశాడు. ఎదురింటి ముసలామె అప్పుడే మోకాళ్ళ నొప్పులకు మందు రాయమని కబురు కూడా చేసింది.

కుళ్ళాయప్ప నోటీసు చదివి, నల్ల అట్ట పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. గణిత శాఖ జైబున్నీసా వచ్చి పక్కన కూలబడింది. పరిశోధనలో చేరినప్పుడు ఆమె ఒళ్ళో ఉన్న కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి పాసయింది.

"నాకు ఇంట్లోనే ఒక టీనేజరుంది గదప్పా. దానికి చెప్తే సరిపోదా?" అంది.

"పోయి అడుగు మేడం" అన్నాడు కుళ్ళాయప్ప.

ఆమె వెళ్ళి అడిగింది. రిజిస్ట్రారు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అమ్మా, సొంత పిల్లకు చెబితే అది బోధన కాదు, పెంపకం. పెంపకానికి విశ్వవిద్యాలయం ధ్రువపత్రం ఇవ్వదు" అన్నారు.

మే నెల వచ్చింది. శిబిరం కోసం చెట్ల కింద షామియానాలు వేశారు, చలివేంద్రం పెట్టారు, బోధించడానికి నూరు మందికి పైగా పరిశోధకులు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి నిలబడ్డారు. టీనేజర్లు మాత్రం రాలేదు. ఇంటర్ చదివేవాళ్ళు కోచింగు హాస్టళ్ళలో ఉన్నారు. పది పాసైనవాళ్ళు కోచింగు హాస్టళ్ళలో చేరబోతున్నారు. ఫెయిలైనవాళ్ళు ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

కుళ్ళాయప్ప, జైబున్నీసా కలిసి బస్టాండుకు వెళ్ళారు. అక్కడ చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

"తమ్ముడూ, మా శిబిరానికొస్తావా?" అన్నాడు కుళ్ళాయప్ప.

కుర్రాడు ఒక చెవి వైరు పీకాడు. "ఏమిస్తారు?"

"జ్ఞానం."

"ఏసీ ఉండాదా?"

"చెట్లుండాయి."

కుర్రాడు వైరు మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. పక్కనున్న అతని తల్లి కాస్త ఆసక్తి చూపించి, "ర్యాంకులిస్తారా సార్?" అని అడిగింది. లేదని తెలిశాక కొడుకును లేపి అవతలి బెంచీకి మార్చింది.

పరువు కాపాడుకోవడానికి రిజిస్ట్రారు గారు తన కూతురు హిమజను శిబిరంలో చేర్చారు. ఆ పిల్ల అప్పుడే పదో తరగతి రాసింది. నూరు మందికి పైగా గురువులు, ఒక్క శిష్యురాలు. ప్రతి పరిశోధకుడికీ ఆమెలో కొంత భాగం కేటాయిస్తూ టైంటేబులు వేశారు. మధ్యాహ్నంలోగా ఆ పిల్ల పరమాణువుల నుంచి పాణిని దాకా, కోళ్ళ జబ్బుల నుంచి పంచవర్ష ప్రణాళికల దాకా విని, బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. తర్వాతి వాళ్ళు తమ వంతు పోకూడదని, ఆమె లేవకుండా గుసగుసగా పాఠం చెప్పి సంతకాలు పెట్టుకున్నారు. మర్నాడు హిమజ తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. విశ్వవిద్యాలయం మొత్తానికి పని లేకుండా పోయింది.

పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది.

"టీనేజర్ల కొరత తీవ్రంగా ఉందండీ" అన్నారు రిజిస్ట్రారు గారు. "శిబిరం రద్దు చేస్తే..."

"రద్దా?" ఉపకులపతి గారు లేచి నిలబడ్డారు. "చంద్రమౌళి గారూ, మనది ఏం విశ్వవిద్యాలయం?"

"డీమ్డ్ విశ్వవిద్యాలయమండీ."

"అంటే ఏమిటి? మనం విశ్వవిద్యాలయమని పైవాళ్ళు భావించారు. భావించగానే అయిపోయాం. మనల్ని పైవాళ్ళు భావించగా లేనిది, మన కిందివాళ్ళను మనం టీనేజర్లుగా భావించలేమా?"

సభ్యులందరూ బల్లలు చరిచారు. టీనేజర్ అంటే ఎవరో అక్కడికక్కడే నిర్వచనం తయారైంది. 'స్వంత సంపాదన లేక, వివాహము కాక, హాస్టలునందు నివసించుచు, ఖర్చులకు ఇంటికి ఫోను చేయుచు, ముందు ముందు ఏమి చేయుదువని ప్రశ్నించినచో విసుగుకొనువారెల్లరు టీనేజర్లుగా భావింపబడుదురు.' వయసు ప్రస్తావన ఎందుకు లేదని ఒక సభ్యుడు అడిగాడు. వయసు కేవలం శారీరకమని ఉపకులపతి గారు సెలవిచ్చారు.

ఆ నిర్వచనానికి పరిశోధకుల్లో దాదాపు అందరూ అతికినట్టు సరిపోయారు. పెళ్ళయింది గనుక జైబున్నీసా ఒక్కతే పెద్దమనిషిగా మిగిలి, బోధకురాలైంది. మిగతావాళ్ళను రెండు జట్లు చేశారు. మొదటి వారం ఒక జట్టు టీనేజర్లు, రెండో జట్టు గురువులు. రెండో వారం తారుమారు. కుళ్ళాయప్ప మొదటి జట్టులో పడ్డాడు. ఫొటో అంటించి, గుండ్రటి ముద్ర వేసి, మెడలో వేసుకోవడానికి గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద 'కుళ్ళాయప్ప, డీమ్డ్ టీనేజర్' అని ఉంది.

మొదటి రోజు జైబున్నీసా పాఠం చెప్పి బయటికొచ్చి రిజిస్ట్రారు గారి దగ్గర మొరపెట్టుకుంది. "సార్, వీళ్ళు నిటారుగా కూర్చుంటాండారు. రాసుకుంటాండారు. ఒకాయనైతే నేను బోర్డు తుడిస్తే లేచొచ్చి డస్టరు అందుకున్నాడు. ఇట్లయితే నాకేం అనుభవమొస్తాది?"

నెలాఖరుకు పైవాళ్ళు పంపే నిపుణుల బృందం తనిఖీకి వస్తోంది. టీనేజర్లు నాసిరకమని తేలితే శిబిరమే చెల్లదు. రిజిస్ట్రారు గారు ఇంటికి వెళ్ళి కూతురి ముందు కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఏ లక్షణాలు మానుకోమని ఆ పిల్లను తిడుతున్నారో, అవన్నీ కాస్త వచ్చి నేర్పమని బతిమాలారు.

హిమజ వచ్చి షామియానా కింద వరసల మధ్య నడిచింది. కుళ్ళాయప్ప దగ్గర ఆగింది.

"అంకుల్, టీనేజర్లు అట్ల కూర్చోరు. నడుము కిందికి జార్చండి. ఇంకా. తల ఒక్కటే బల్ల పైకి కనపడాల."

కుళ్ళాయప్ప జారాడు. కీలెక్కడో పట్టుకుంది.

"పేరు పిలిస్తే మొదటిసారి పలకద్దు. రెండోసారి కూడా వద్దు. మూడోసారి 'ఏంటి' అనండి."

"'చెప్పండి మేడం' అనకూడదా అమ్మా?"

"ఛీ! అట్లెవురన్నా అంటారా? 'ఏంటీ' అని సాగదీయండి. మొహం ఇటు తిప్పద్దు. పోయేటప్పుడు తలుపు గట్టిగా వేయండి. ఎందుకు వేసినావంటే 'గాలికి' అనండి."

షామియానాకు తలుపు లేదు గనుక, విశ్వవిద్యాలయం వడ్రంగిని పిలిపించి ఒక తలుపును చట్రంతో సహా నిలబెట్టించింది.

ఇవన్నీ నేర్చుకున్నవాళ్ళందరిలో కుళ్ళాయప్ప ముందుకు దూసుకుపోయాడు. అతనే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళు గైడు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అర్థం కాకపోయినా తలాడించాడు, ఆయన జోకులకు మిగతావాళ్ళకంటే ముందు నవ్వాడు. ఇప్పుడు జైబున్నీసా లెక్క చెబుతుంటే "బోర్ కొడ్తాంది" అని పైకే అనేశాడు. అన్నాక ఏమవుతుందోనని చుట్టూ చూశాడు. ఏమీ కాలేదు. పైగా టీనేజరుతనానికి మార్కులు పడ్డాయి. ఆ సాయంత్రం పోతూ పోతూ తలుపును అతను తన్నిన తన్నుకు చట్రం పక్కకు ఒరిగింది.

దాంతో ఇంకో నిబంధన అమల్లోకి వచ్చింది. టీనేజర్ హద్దు మీరితే తల్లిదండ్రులను పిలిపించాలి. రామాంజులుకు ఫోను వెళ్ళింది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, మొదటి బస్సుకే వచ్చి, రిజిస్ట్రారు గారి గది బయట నిలబడ్డాడు.

"రండి" అన్నారు రిజిస్ట్రారు గారు. "మీ అబ్బాయి ప్రవర్తన గురించి మాట్లాడాలి. తరగతిలో నిర్లక్ష్యం. పిలిస్తే పలకడు. తలుపు తన్నాడు. మేము దీన్ని ఎంతో తృప్తితో గమనిస్తున్నాం. అయినా ఒక తండ్రిగా మీకు తెలియజేయడం మా విధి."

రామాంజులుకు 'తృప్తి' వినపడలేదు. 'తన్నాడు' ఒక్కటే వినపడింది. పక్కనే తల వంచుకుని నిలబడ్డ కొడుకు వైపు తిరిగాడు.

"ఏమిరా, తలుపు తన్నినావంట?"

"నాయనా, అది రూలు."

"తలుపు తన్నమని రూలుంటాదా? ఇరవై ఎనిమిదేండ్లు బస్సులో ఎంతమంది కుర్రనాయాండ్లను సూసినా! ఫుట్‌బోర్డు మీద నిలబడి వాళ్ళూ ఇదే చెప్తారు. నీ వయసెంత, నువ్వు చేసే పనేంది?"

"ఆ వయసు గురించే, ఇక్కడొక సంతకం పెట్టండి" అంటూ రిజిస్ట్రారు గారు కాగితం ముందుకు జరిపారు. "మీ అబ్బాయికి మీరే సంరక్షకులు."

"అది నిజమే సార్. యింకెవరుండారు వానికి" అంటూ రామాంజులు సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ కొడుకు భుజం మీద చెయ్యేసి, "బాగా సదువుకో అప్పా. సావాసాలు తగ్గించు" అని చెప్పి బస్సెక్కాడు.

రెండో వారం కుళ్ళాయప్ప గురువు స్థానంలోకి వచ్చాడు. ఎదురుగా చరిత్ర శాఖవాళ్ళు బల్లల కింద జారిపోయి ఉన్నారు. వాళ్ళలో ఒకడు కాగితం విమానం విసిరాడు. కుళ్ళాయప్ప తన వాగుల గురించి మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు. తాను నేర్పినవాళ్ళ పనితనం చూద్దామని వచ్చి ముందు వరసలో తీరిగ్గా కూర్చున్న హిమజ మాత్రం చెయ్యెత్తింది.

"అంకుల్, మా క్వార్టర్స్ బోరు పోయినేడు ఎండిపోయింది. పక్కింటోళ్ళ బోరులో నీళ్ళుండాయి. ఎందుకట్ల?"

కుళ్ళాయప్ప బోర్డు మీద గీత గీసి, రాతి పొరల్లో పగుళ్ళు ఎలా పోతాయో చెప్పాడు. ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. అతను ఇంకో గీత గీశాడు. గ్రంథంలో పెద్ద పెద్ద మాటల కింద కప్పెట్టిన సంగతి తన నోట్లోంచి తేలిక మాటల్లో బయటికి వస్తుంటే అతనికే వినసొంపుగా ఉంది. గంట కొట్టినా ఇద్దరూ లేవలేదు.

సరిగ్గా ఆ సమయంలోనే నిపుణుల బృందం వెనక నిలబడి ఉంది.

వాళ్ళ నివేదిక మూడు రోజుల్లో వచ్చింది. డీమ్డ్ టీనేజర్ల నాణ్యత అత్యుత్తమం. 'అయితే ముందు వరుసయందు ఒక బాలిక శ్రద్ధగా వినుచు, ప్రశ్నించుచు, గంట మ్రోగినను కూర్చుండుట గమనించితిమి. ఈమెయందు కిశోర లక్షణములేవియు లేవు. ఈమెను వయోజనురాలిగా పరిగణించవలెను.' టీనేజర్లందరికీ టీనేజరుతనం నేర్పింది కూడా ఆమే గనుక, బోధనానుభవ ధ్రువపత్రం ఆమెకు ఇవ్వాలన్నారు. ఇంకొకటి జైబున్నీసాకు. మిగతావాళ్ళకు లేదు.

కారణం రిజిస్ట్రారు గారు కుళ్ళాయప్పకు ఓపికగా వివరించారు. "మిమ్మల్ని టీనేజర్లుగా భావిస్తూ ఉత్తర్వు ఉంది నాయనా. భావించడం మానుతూ ఉత్తర్వు లేదు. కాబట్టి రెండో వారం కూడా నువ్వు టీనేజరువే. టీనేజర్ టీనేజర్‌కు చెబితే అది బోధన కాదు, కబుర్లు."

"మరి ఎప్పుడు మానుతారు సార్?"

"సహజంగా ఇరవై రావాలి కదా. నిర్వచనంలో వయసు లేదు. అది ఆలోచించాలి."

కుళ్ళాయప్పకు కళ్ళ ముందు ధర్మవరం కాలేజీ గేటు మూసుకుపోయింది. మామూలు కుళ్ళాయప్ప అయితే "సరే సార్" అని వెనక్కి నడిచేవాడు. ఇప్పుడు అతను, రిజిస్ట్రారు గారు వెనక పరుగెత్తుకొస్తుండగా, చీటీ పంపకుండా నేరుగా ఉపకులపతి గారి గదిలోకి పోయి నిలబడ్డాడు.

"ఇది అన్యాయం సార్!" అని అరిచాడు. "మీరెవ్వరూ నన్ను అర్థం చేసుకోరు! మీరు చెప్పిందంతా చేసినా. వాగుల్లో తిరగమంటే తిరిగినా, జారమంటే జారినా, తన్నమంటే తన్నినా. యింక నాకేమీ వద్దు, పోతాండా!"

బయటికొచ్చి తలుపు వేశాడు. గోడ మీది గడియారం కింద పడింది.

"గాలికి!" అన్నాడు బయటి నుంచి.

ఉపకులపతి గారు మూసిన తలుపు వైపు మురిసిపోతూ చూశారు. "చంద్రమౌళి గారూ, చూశారా? అచ్చమైన సరుకు! ఈ కుర్రాడి గ్రంథం పూర్తయిందా?"

"పూర్తయిందండీ. కాని బోధనానుభవం..."

"టీనేజరుకు బోధనానుభవం ఎక్కణ్ణించి వస్తుంది? ఆ నిబంధన పెద్దవాళ్ళకు. పసివాళ్ళను పీడించకూడదు." ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచారు. "ఆలోచించండి. టీనేజి దాటకుండానే డాక్టరేటు! ఒకరిద్దరు కాదు, నూరు మంది! దేశంలో ఇంకే విశ్వవిద్యాలయానికైనా ఉన్నారా?"

ఆ వారంలోనే గ్రంథాలన్నీ స్వీకరించారు. పరీక్షకులు పిల్లల పనిగా భావించి ఉదారంగా చూశారు. చిన్న వయసులోనే ఇంత సాధించారని అందరికీ ప్రశంసలు రాశారు. కుళ్ళాయప్ప జుట్టు సంగతి ఫొటోలో పడకుండా ప్రచార విభాగం టోపీ పెట్టించింది.

డాక్టరేటు వస్తోందని కుళ్ళాయప్ప ధర్మవరం ప్రిన్సిపాలుకు ఫోను చేశాడు. దాచడం ఇష్టం లేక వయసు సంగతి కూడా చెప్పేశాడు. "సార్, రికార్డుల ప్రకారం నేనింకా మైనరు."

"డిగ్రీ ఉండాది గదా?" అన్నాడు ప్రిన్సిపాలు. "జూలై ఒకటికి వచ్చేయప్పా. మేమిచ్చే జీతానికి పెద్దోళ్ళెవరూ ఎట్లాగూ రారు."

స్నాతకోత్సవం రోజున మైదానం నిండిపోయింది. మైనర్లు సొంతంగా పట్టా అందుకోవడానికి చట్టం ఒప్పుకోదని న్యాయ సలహాదారు తేల్చడం వల్ల, వేదిక మీదికి సంరక్షకులను పిలిచారు. ఎర్ర గౌన్లలో తండ్రులు, తల్లులు, ఒకరిద్దరు మేనమామలు బారులు తీరారు. రామాంజులు గౌను కాస్త పొడుగై కాళ్ళకు అడ్డం పడుతోంది. దాన్ని పంచెలా ఎత్తి పట్టుకుని, అలవాటు కొద్దీ ముందువాళ్ళను "జరగండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉండాది" అంటూ నడిపించాడు. కుళ్ళాయప్ప, మిగతా పరిశోధకులు కింద పిల్లల ఆవరణలో తాడు లోపల కూర్చున్నారు. హిమజ పెద్దల బ్యాడ్జీ పెట్టుకుని వాళ్ళకు బిస్కెట్ పొట్లాలు పంచుతోంది.

"రాతి జలముల గూఢ సంచారమును ఛేదించిన బాల మేధావి కుళ్ళాయప్ప తరఫున..." అని మైకు గర్జించింది.

రామాంజులు ఉపకులపతి గారి ముందు వంగాడు. మెడలో పట్టీ పడింది, చేతికి పట్టా వచ్చింది, చప్పట్లు మోగాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా వైపు ఎలా చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాడు. మెట్లు దిగి నేరుగా తాడు దగ్గరికి వచ్చి, పట్టాను గౌను అంచుతో ఒకసారి తుడిచి, కొడుకు చేతిలో పెట్టాడు.

"తీసుకోప్పా, భద్రంగా దాచిపెట్టుకో" అన్నాడు. "పెద్దయినాక పనికొస్తాది."